వినేవాళ్ళ చిరునామా మన దగ్గరే ఉండాలి: ఇండిపెండెంట్ గాయకులకి మెయిల్, ఆడియో మార్గదర్శి

ప్రోగ్రాం అయిపోయి వైర్లు చుట్టుకుంటుంటే ఎవరో ఒకరు దగ్గరికొస్తారు. "ఆ రెండో పాట చాలా బాగుందండీ, మళ్ళీ ఎక్కడ వినొచ్చు?" అంటారు. మనం "ఇన్‌స్టాలో ఫాలో అవ్వండి" అని పేజీ పేరు చెబుతాం. ఆయన ఫోన్ తీసి ఫాలో కొట్టి వెళ్ళిపోతారు. ఆర్నెల్ల తర్వాత కొత్త పాట పెడితే అది ఆయనకి కనిపిస్తుందో లేదో మన చేతుల్లో ఉండదు. ఆయన పేరు తెలియదు, ఊరు తెలియదు. మనకోసం నాలుగడుగులు ముందుకొచ్చిన మనిషిని మళ్ళీ జనంలో వదిలేశాం.

సొంతంగా పాటలు రాసుకుని, బాణీ కట్టి, పాడటం మొదలుపెట్టిన మొదటి ఐదేళ్ళు నేనూ ఇలాగే వదిలేశాను. తర్వాత నెలకొక ఉత్తరం, దానితో ఒక చిన్న ఆడియో పంపడం మొదలుపెట్టాను. నా పాట వినేవాళ్ళు నాకు మనుషులుగా పరిచయమైంది అప్పటినుంచే. ఆ పని ఎలా చేయాలో మొదటి నుంచి చెబుతాను.

మెయిలే ఎందుకు

2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించారు. అప్పటికి దాని మీద జానపదాలు, సొంత బాణీలు పాడుకుంటూ ఫాలోయర్లని సంపాదించుకున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమంది. రాత్రికి రాత్రి ఆ జనమంతా చెదిరిపోయారు. అందులో పాడినవాళ్ళ తప్పు లేదు, విన్నవాళ్ళ తప్పూ లేదు. వాళ్ళిద్దరి మధ్య ఉన్న దారి మూడోవాళ్ళది, అంతే. ఆ తర్వాత రెస్సో అనే పాటల యాప్ 2024 జనవరి 31తో ఇక్కడ ఆగిపోయింది. అదే ఏడాది తన పాటల యాప్ వింక్ మ్యూజిక్‌ని మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ ప్రకటించింది. ఇంకాస్త వెనక్కి వెళ్తే, 2015కి ముందు జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని మైస్పేస్ అనే సైటు 2019లో ఒప్పుకుంది. దాదాపు 5 కోట్ల పాటలని వార్తలొచ్చాయి.

ఇక స్పాటిఫైలో ఎంతమంది విన్నారో, ఏ ఊళ్ళలో విన్నారో కనిపిస్తుంది కానీ ఎవరు విన్నారో తెలియదు. పైగా 2024 నుంచి ఒక పాటని గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వింటే తప్ప దానికి రాయల్టీ లెక్కలోకి రాదు. వీటన్నిటినీ మానెయ్యమని నేను అనను. కొత్తవాళ్ళు దొరికేది అక్కడే. అక్కడ దొరికినవాళ్ళని మన ఇంటికి పిలుచుకోవడానికే మెయిల్.

"మెయిల్ ఎవరు చూస్తారండీ, అంతా వాట్సాప్ కదా" అని నన్ను చాలామంది అడిగారు. నిజమే, వాట్సాప్ చూసినంతగా మెయిల్ చూడరు. కానీ వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికి మించి పట్టరు. అదీ మన నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. చానల్ పెడితే ఫాలో అయ్యేవాళ్ళ నంబర్లు మనకి కనిపించవు. మెయిల్ చిరునామాలైతే ఒక ఫైలుగా దింపుకుని మన దగ్గర దాచుకోవచ్చు, మెయిళ్ళు పంపిపెట్టే ఒక సర్వీసు నచ్చకపోతే ఇంకో సర్వీసుకి పట్టుకెళ్ళొచ్చు. సోషల్ మీడియాలో ఇది కుదరదు. మెయిల్ అలవాటు లేని పెద్దవాళ్ళు కొందరు తప్పకుండా ఉంటారు. మా పెద్దమ్మ లాంటివాళ్ళ కోసం అదే ఆడియోని వాట్సాప్‌లో విడిగా పంపుతాను.

చిరునామా ఎలా అడగాలి

స్టేజీ మీద, చివరి పాటకి ముందు అడగండి. చివరి పాట తర్వాత జనం లేచి చెప్పులు వెతుక్కుంటుంటారు, మన మాట వినబడదు. నేను చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది: "ఇప్పుడు పాడిన పాటకి మొదట వేరే బాణీ కట్టుకున్నాను. దాన్ని ఎక్కడా రిలీజ్ చెయ్యలేదు, ఫోన్లో రికార్డు చేసిందే ఉంది. వినాలనుంటే ఈ కాగితం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ పేరు, మెయిల్ ఇవ్వండి. ఇంటికెళ్ళేసరికి మీ మెయిల్లో ఉంటుంది. తర్వాత నెలకొక ఉత్తరం రాస్తాను, అంతకు మించి పంపను."

ఊరికే "మా లిస్టులో చేరండి" అంటే ఎవరూ చేరరు. ఇప్పుడే విన్న పాటకి సంబంధించినది, ఇంకెక్కడా దొరకనిది ఇస్తామంటే చేరతారు.

మొదట్లో నేను నోటుబుక్కు పెట్టేవాణ్ణి. ఒకసారి రాజమండ్రిలో ప్రోగ్రాం అయ్యాక ఇంటికొచ్చి చూస్తే 31 పేర్లున్నాయి. వాటిలో 9 మెయిళ్ళు వెనక్కొచ్చాయి. ఒకటి అంకెకీ ఎల్ అక్షరానికీ తేడా లేదు, సున్నాకీ ఓకీ తేడా లేదు, అండర్‌స్కోర్ గీత మీద గీత పడి మాయమైంది. అందుకని ఇప్పుడు క్యూఆర్ కోడే వాడుతున్నాను. దాన్ని ఏ4 కాగితం నిండా పెద్దగా ప్రింటు తీసి, గుమ్మం దగ్గర ఒకటి, స్టేజీ పక్కన ఒకటి అంటించండి. కోడ్ కింద ఏం వస్తుందో ఒక్క లైను తెలుగులో రాయండి. నోటుబుక్కు కూడా ఉంచండి, కానీ వాళ్ళు రాసిన వెంటనే మీరు పైకి చదివి సరిచూసుకోండి.

ఫారంలో మూడే అడగండి: పేరు, మెయిల్, ఊరు. ఊరు చాలా పనికొస్తుంది. కాకినాడలో ప్రోగ్రాం ఉంటే కాకినాడ, పిఠాపురం, సామర్లకోట వాళ్ళకి మాత్రమే రాయొచ్చు. డల్లాస్‌లో ఉన్నవాళ్ళని ఆ కబురుతో విసిగించక్కర్లేదు. ఫోన్ నంబరు అడిగితే సగం మంది ఫారం మధ్యలో వదిలేస్తారు.

ఒక పని మాత్రం చెయ్యొద్దు. మీ ఫోన్లో ఉన్న కాంటాక్టుల్ని, పెళ్ళి పిలుపుల కోసం తయారుచేసిన లిస్టుని, ఎవరో స్నేహితుడు ఇచ్చిన ఎక్సెల్ షీటుని తెచ్చి లిస్టులో కలపొద్దు. వాళ్ళు మనల్ని అడగలేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం చూసినా, దేనికోసం తీసుకుంటున్నామో చెప్పి ఒప్పుకున్నాకే వివరాలు తీసుకోవాలి, వద్దంటే ఆపెయ్యాలి. చట్టం సంగతి పక్కన పెట్టినా, అడగని మెయిల్‌ని జనం స్పామ్ అని నొక్కుతారు. అలా కొంతమంది నొక్కితే, అడిగి చేరినవాళ్ళకి కూడా మన ఉత్తరాలు స్పామ్‌లోకే పోతాయి. ఫారం నింపాక "మీరేనా?" అని ఒక మెయిల్ పంపి, అందులో లింకు నొక్కితేనే చేర్చుకునే పద్ధతి చాలా సర్వీసుల్లో ఉంటుంది. దాన్ని ఆన్ చేసుకోండి. కొందరు తగ్గుతారు, మిగిలినవాళ్ళు నిజంగా వినేవాళ్ళు.

పంపే ఏర్పాటు

మామూలు జీమెయిల్ నుంచి రోజుకి 500 మంది దాకా పంపొచ్చు కాబట్టి మొదటి యాభై మందికి అదే చాలనిపిస్తుంది. కానీ ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడని బీసీసీ గడిలో పెట్టబోయి పొరపాటున "టు" గడిలో పెట్టారంటే అందరి చిరునామాలూ అందరికీ తెలిసిపోతాయి. మొదటి రోజు నుంచే, ఒకే ఉత్తరాన్ని అందరికీ విడివిడిగా పంపే న్యూస్‌లెటర్ సర్వీసు వాడండి. ఉచిత ప్లాన్లు ఉన్నాయి. ఉదాహరణకి బ్రెవోలో రోజుకి 300 మెయిళ్ళ దాకా ఉచితం. 300 దాటితే రెండు రోజులు పంపుకోవచ్చు, మన ఉత్తరానికి అంత తొందరేమీ ఉండదు.

ఖర్చు పెట్టాల్సింది ఒక్క చోటే, మీ పేరు మీద ఒక డొమైన్, అంటే ఇంటర్నెట్లో మీ సొంత చిరునామా, కొనుక్కుని ఉత్తరాలు దాని నుంచే పంపండి. సంవత్సరానికి సుమారు వెయ్యి రూపాయలవుతుంది. జీమెయిల్ చిరునామాని పంపినవారిగా పెట్టి వేరే సర్వీసు నుంచి పంపితే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. ఎందుకంటే 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవాళ్ళని గట్టిగా తనిఖీ చేస్తున్నాయి. అక్కడ మూడు పేర్లు వింటారు. ఎస్‌పీఎఫ్ అంటే "నా తరఫున మెయిల్ పంపడానికి వీళ్ళకి హక్కుంది" అని డొమైన్‌లో రాసిపెట్టడం. డీకిమ్ అంటే కవరు మీద లక్క ముద్ర లాంటిది, దారిలో ఎవరూ మార్చలేదని తెలుస్తుంది. ఈ రెండూ సరిపోకపోతే ఆ మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్. ఈ మూడింటికీ కావలసిన లైన్లు సర్వీసు వాళ్ళే ఇస్తారు. వాటిని కాపీ చేసి, డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ అనే పేరుతో ఉండే సెట్టింగుల్లో పెట్టాలి. అరగంట పని. ఇది చూసి టెన్షన్ పడి వదిలేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు, ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

అమెరికాలో వినేవాళ్ళుంటే ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడి చట్టం ప్రకారం వాణిజ్య మెయిళ్ళ అడుగున పోస్టల్ అడ్రసు ఉండాలి, వద్దన్నవాళ్ళని 10 పనిదినాల్లో తీసెయ్యాలి. ఇంటి అడ్రసు ఇష్టం లేకపోతే ఆఫీసుదో స్టూడియోదో పెట్టుకోండి.

ఆడియో

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే. రిలీజైన పాట లింకు పంపితే అది అందరికీ దొరికేదే. మన ఉత్తరం తెరిచినవాళ్ళకి పాట కంటే ముందు మన గొంతు వినబడాలి. రెండు నుంచి నాలుగు నిమిషాలు చాలు. ఏం రికార్డు చేయాలి అంటే నా దగ్గర ఎప్పుడూ పనిచేసినవి ఇవి: పల్లవి మొదటిసారి తోచినప్పుడు ఫోన్లో గుణుక్కున్న ముక్క, చరణంలో ఒక మాట ఎందుకు మార్చానో చెబుతూ పాత మాటతో ఒకసారి, కొత్త మాటతో ఒకసారి పాడటం, డప్పు వాయించిన ఆయనతో రెండు నిమిషాల కబుర్లు, పాట పుట్టిన చోటి చప్పుడు. గోదావరి రేవులో తెల్లవారుజామున పడవ తాడు విప్పే శబ్దం ఒకసారి పంపాను. దానికి మస్కట్ నుంచి ఒకాయన రాశారు, ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నారట.

స్టూడియో అక్కర్లేదు, కానీ శ్రద్ధ కావాలి. నేను పడకగదిలో బీరువా తలుపులు రెండూ తెరిచి, వేలాడే బట్టల వైపు మొహం పెట్టి కూర్చుంటాను. వెనక మంచం మీద బొంత పరిచి ఉంటుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే గొంతుని బట్టలు పీల్చుకుంటాయి. ఫ్యాను ఆపాలి. ఫ్రిజ్ రొద మన చెవికి అలవాటైపోయి వినబడదు, మైకు మాత్రం వదిలిపెట్టదు, అందుకని ఆ పది నిమిషాలూ దాన్ని ఆపేస్తాను. మళ్ళీ వెయ్యడం మర్చిపోకుండా చెప్పులు ఫ్రిజ్ ముందు పెట్టుకుంటాను. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి ఉంచండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ లు పలికినప్పుడు గాలి నేరుగా మైకు మీద కొట్టి దబ్ మని వినబడుతుంది.

రికార్డు నొక్కాక మొదటి ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకండి. ఆ ఖాళీ గది శబ్దాన్ని ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి చూపిస్తే, మిగతా రికార్డింగులోంచి ఆ రొదని తీసేస్తుంది. ఎక్కువ తీయించొద్దు, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు తయారవుతుంది. కాస్త రొద ఉన్నా ఫర్వాలేదు. చివర్లో లౌడ్‌నెస్‌ని మైనస్ 16 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) దగ్గర పెట్టండి, బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వినేవాళ్ళకి కూడా మాట తెలుస్తుంది.

ఫైలు ఎంపీ3లో పెట్టండి. 128 కేబీపీఎస్ అయితే నిమిషానికి దాదాపు 1 ఎంబీ. అదే కుదించని వేవ్ ఫైలైతే నిమిషానికి 10 ఎంబీ. 25 ఎంబీ దాకా జీమెయిల్‌లో అటాచ్ చెయ్యొచ్చు కదా అని మెయిల్‌కి అటాచ్ చెయ్యొద్దు. వందల మందికి అటాచ్‌మెంటుతో పంపితే అనుమానంగా కనిపిస్తుంది, వాళ్ళ ఇన్‌బాక్సూ నిండుతుంది. మెయిల్ లోపలే ప్లే అయ్యేలా పెట్టబోతే జీమెయిల్‌లో అది పనిచెయ్యదు. అందరికీ పనిచేసే పద్ధతి ఒక్కటే. ఒక ఫొటో, దాని మీద ప్లే గుర్తు, నొక్కితే ఆడియో ఉన్న పేజీ తెరుచుకోవాలి. ఫొటో కింద మామూలు అక్షరాల్లో కూడా లింకు ఇవ్వండి, కొందరి ఫోన్లలో బొమ్మలు రావు. సొంత వెబ్‌సైటు ఉంటే ఆడియో అక్కడ పెట్టడం మేలు. లేకపోతే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్ళకే కనబడేలా), లేదా సౌండ్‌క్లౌడ్‌లో ప్రైవేట్ లింకుగా పెట్టొచ్చు.

నేను ఒకసారి గూగుల్ డ్రైవ్ లింకు పంపాను. పర్మిషన్ మార్చడం మర్చిపోయాను. ఆదివారం పొద్దున్న లేచి చూస్తే "యాక్సెస్ ఇవ్వండి" అని 46 రిక్వెస్టులు. ఆ 46 మంది అడిగినవాళ్ళు, అడగకుండా మూసేసినవాళ్ళు ఇంకెందరో. అప్పటి నుంచి పంపే ముందు ఇంట్లో వేరేవాళ్ళ ఫోన్లో, మన అకౌంటు లేని చోట, లింకు నొక్కి చివరిదాకా విని గానీ పంపను. ఈ ఒక్క అలవాటు మీరూ చేసుకోండి.

పాట ఎవరిదో కూడా చూసుకోవాలి. సినిమా పాట కవర్ల సంగతి అందరికీ తెలిసిందే. అన్నమయ్య కీర్తనల విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. ఆయన 15వ శతాబ్దపువాడు కాబట్టి సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. కానీ మనం ఈరోజు పాడుకునే బాణీల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ లాంటి పెద్దలు కట్టారు. మన చట్టంలో కాపీరైటు కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. రాళ్ళపల్లివారు 1979లో పోయారు, కాబట్టి ఆ లెక్క 2039 చివరి దాకా ఉంటుంది. ఆ బాణీలోనే పాడి పంపాలంటే హక్కు ఎవరిదో కనుక్కుని అడగండి. సొంత బాణీ కట్టుకుంటే ఆ ఇబ్బంది లేదు, వినేవాళ్ళకీ అది కొత్త కానుక.

ఉత్తరం

సబ్జెక్టు తెలుగులో, క్లుప్తంగా రాయండి. మన అక్షరాలు ఒత్తులతో, గుణింతాలతో వెడల్పుగా ఉంటాయి. ఫోన్లో ఐదారు మాటలకి మించి కనిపించవు. "న్యూ సింగిల్ అవుట్ నౌ" అని ఉంటే షాపు ప్రకటన అనుకుంటారు. "వాన పాటకి మొదట వేరే చరణం" అని ఉంటే తెరుస్తారు. లోపల ఒక్క మనిషికి రాస్తున్నట్టు రాయండి. "ప్రియమైన అభిమానులందరికీ" అన్న క్షణం చదివేవాళ్ళు అది తమకి కాదనుకుంటారు. నేను మొన్న వర్షాకాలంలో పంపిన ఉత్తరం ఇది, దాదాపు ఉన్నది ఉన్నట్టు:

"నమస్కారం అండీ. వాన పాట మొదట రాసినప్పుడు అందులో మా నాన్నగారి గొడుగు ఉండేది. ఆయన ఇప్పుడు లేరు. రికార్డింగు రోజు ఆ లైను దగ్గర గొంతు ఆగిపోయింది, అందుకే ఆ చరణం తీసేసి ఇంకొకటి రాశాను. తీసేసిన చరణం ఫోన్లో అలాగే ఉంది. ఈ వారం మళ్ళీ విన్నాను, ఈసారి పూర్తిగా పాడగలిగాను. మూడు నిమిషాలు ఉంటుంది, కింద నొక్కితే వస్తుంది. మీ ఇంట్లో ఇప్పటికీ దాచుకున్న వస్తువు ఏదైనా ఉంటే దాని గురించి నాకు రాయండి, ప్రతి జవాబూ చదువుతాను."

చూడండి, అందులో ఒక్క విషయమే ఉంది, ఒక్క లింకే ఉంది, ఒక్కటే అడిగాను. పాట లింకు, యూట్యూబ్ సబ్‌స్క్రయిబ్, టీషర్టు, వచ్చేవారం ప్రోగ్రాం అన్నీ ఒకే ఉత్తరంలో కుక్కితే ఏదీ నొక్కరు. జవాబు రాయమని అడగడం మర్చిపోవద్దు. పంపే చిరునామా కూడా మీరు రోజూ చూసేదై ఉండాలి. "దీనికి జవాబివ్వకండి" అని రాసి ఉన్న చిరునామా నుంచి పాట పంపడం కన్నా పంపకపోవడం నయం.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి ఉత్తరం ఆటోమేటిక్‌గా వెంటనే వెళ్ళేలా పెట్టుకోండి, స్టేజీ మీద మాటిచ్చిన ఆడియో అందులోనే ఉండాలి. నెలవారీ ఉత్తరం నేను ఆదివారం ఉదయం 7:30కి పంపుతాను. ఇక్కడ కాఫీ వేళ. డల్లాస్‌లో అప్పుడు శనివారం రాత్రి, వేసవిలో 9 గంటలు, చలికాలంలో 8. అక్కడి తెలుగువాళ్ళు పిల్లల క్లాసులు, అంగళ్ళు అన్నీ ముగించుకుని కూర్చునే సమయం.

లెక్కలు, డబ్బులు

ఎంతమంది తెరిచారన్న అంకెని పట్టుకుని బాధపడకండి. 2021 సెప్టెంబరులో యాపిల్ తెచ్చిన మార్పు తర్వాత, ఐఫోన్ మెయిల్ యాప్‌లో మనిషి తెరవకపోయినా తెరిచినట్టు నమోదయ్యే వీలుంది. ఎంతమంది ప్లే నొక్కారు, ఎంతమంది జవాబు రాశారు, ఈ రెండు చాలు. స్పామ్ ఫిర్యాదులు మాత్రం చూసుకోవాలి. వెయ్యికి మూడు దాటితే గూగుల్ దగ్గర మన పేరు పాడవుతుంది. ఏడాదిగా ఏదీ నొక్కనివాళ్ళకి "ఇంకా పంపమంటారా?" అని ఒకసారి అడిగి, జవాబు లేకపోతే తీసెయ్యండి.

డబ్బు అడగడానికి సిగ్గుపడొద్దు, కానీ నాలుగైదు ఉత్తరాలు ఇచ్చాక అడగండి. ఇక్కడివాళ్ళకి యూపీఐ క్యూఆర్ సరిపోతుంది. విదేశాల్లో ఉన్న చాలామందికి అది కుదరదు, వాళ్ళకి బ్యాండ్‌క్యాంప్ లింకు ఇవ్వొచ్చు, అది మన పాటలు నేరుగా అమ్ముకునే సైటు. డిజిటల్ అమ్మకాల మీద అది 15 శాతం తీసుకుంటుంది, కొన్నవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ మెయిల్ మనకిస్తుంది. చాలా చోట్ల దొరకనిది ఇదే.

జవాబులు

జవాబుల కోసం వారంలో ఒక గంట కేటాయించుకోండి. అందరికీ ఒకే మాట కాపీ చేసి పెట్టొద్దు. రెండు లైన్లు చాలు, కానీ వాళ్ళు రాసినదాని గురించి ఉండాలి. సమయం లేకపోతే ఇరవై సెకన్ల ఆడియో రికార్డు చేసి పంపండి, టైపు చేసిన పేజీ కన్నా వాళ్ళకి అదే ఎక్కువ.

రెండేళ్ళ క్రితం ఊడ్పుల పాట ఒకటి పంపాను. చిన్నప్పుడు మా ఊళ్ళో విన్న వరస గుర్తు తెచ్చుకుని పాడాను. పెద్దాపురం వైపు నుంచి ఒకమ్మాయి జవాబు రాసింది. "మీరు బాగా పాడారు కానీ తొందరగా పాడారండీ, మా అమ్మమ్మ ఇలా పాడదు" అని, కింద ఒక ఆడియో. ఆవిడకి ఎనభై దాటాయి. ప్రతి లైను మధ్యలో ఆగుతున్నారు. నడుం వంచి బురదలో నారు నాటుతూ పాడేటప్పుడు ఊపిరి అక్కడే తీసుకోవాలట. ఆ విరుపు పాటలో భాగమని నాకు అంతవరకూ తెలియదు. ఆ అమ్మాయిని, వాళ్ళ అమ్మమ్మగారిని అడిగి, వాళ్ళు సరేనన్నాక, తర్వాతి నెల ఉత్తరంలో ముందు ఆవిడ గొంతు, తర్వాత ఆ విరుపులతో మళ్ళీ పాడిన నా గొంతు పంపాను. ఇప్పటిదాకా నేను పంపినవాటిలో ఎక్కువ జవాబులు వచ్చింది ఆ ఉత్తరానికే. అందులో ఏడుగురు తమ ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులు రికార్డు చేసి పంపారు.